ఒడ్డుకు చేరని ట్యాంకులకూ మోడల్ చేయాలి

సంపాదకులు గారికి నమస్కారం.

ఈమధ్య మీ లేఖల పేజీలో ఒక పాఠకుడు రాసిన ఉత్తరం చదివాను. ఏదో హాబీ ఎగ్జిబిషన్‌లో ట్రైలర్ మీద నుంచి పక్కకు ఒరిగిపోయిన మిలిటరీ వాహనాన్ని స్కేల్ మోడల్‌గా చేసి పెట్టారట. పిల్లలకు అలాంటివి చూపించడం సైన్యాన్ని చిన్నబుచ్చడమేనని, చూపించాలంటే మనం గెలిచిన యుద్ధాలు చూపించాలని ఆయన బాధపడ్డారు. ఆయన బాధ నిజమైనదే, దాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ నేను చాలా ఏళ్లుగా ప్లాస్టిక్ కిట్లు కొని, ముక్కలు అతికించి, రంగులు వేసే మనిషిని. ఆ మోడల్ చేసింది నేను కాదు, చేసినవాళ్లెవరో కూడా నాకు తెలియదు, అయినా జవాబు రాయకుండా ఉండలేకపోయాను. యుద్ధంలో ఏ వాహనమైనా పోరాడే ముందు అక్కడికి చేరాలి, ఆ చేరడమే సగం యుద్ధం, అందులో జరిగిన ప్రమాదాన్ని తెలుసుకుని, కొలతలు చూసుకుని, శ్రద్ధగా మోడల్ చేస్తే అది ఆ సైనికుల కష్టాన్ని దగ్గరగా చూడటమే అవుతుందని నా గట్టి నమ్మకం.

ఎలాగో చెప్పాలంటే నిజంగా జరిగిన ఒక సంగతి చెప్పాలి. 1944 జూన్ 5 సాయంత్రం, ఇంగ్లాండ్ దక్షిణ తీరం. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతోంది, మర్నాడు తెల్లవారితే మిత్రదేశాల సైన్యం జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరం మీద దిగాలి. వాతావరణం బాగోలేక అప్పటికే ఒక రోజు వాయిదా వేశారు, వాయిదా వేశాక కూడా సముద్రం ఏమంత శాంతంగా లేదు. వేల ఓడలు, పడవలు ఫ్రాన్స్ వైపు కదులుతున్నాయి. వాటిలో ఒకటి ఎల్‌సీటీ-ఎ 2428. ఎల్‌సీటీ అంటే ట్యాంకులను సముద్రం దాటించి తిన్నగా ఇసుక ఒడ్డు మీద దింపే పడవ. అడుగు చదునుగా ఉంటుంది, ముందు కిందికి తెరుచుకునే ర్యాంపు, మధ్యలో పైకప్పు లేని పెద్ద డెక్, వెనక ఇంజన్లు, నడిపేవాళ్ల గది. పొడవు 36 మీటర్ల దాకా, వెడల్పు సుమారు 10 మీటర్లు. అమెరికాలో తయారై బ్రిటిష్ వాళ్ల చేతికి వచ్చిన రకం ఇది.

పేరు చివర ఉన్న 'ఎ' కథలో ముఖ్యం. మామూలు ఎల్‌సీటీకి అదనంగా ఉక్కు రేకుల కవచం బిగించి, డెక్ ముందు భాగంలో చెక్కతో ఎత్తుగా ఒక వేదిక కట్టి, దాని మీద రెండు సెంటార్ ట్యాంకులను పక్కపక్కన నిలబెట్టేవారు. ఎందుకంటే పడవ ఇంకా నీళ్లలో ఉండగానే ఆ ట్యాంకులు ర్యాంపు పైనుంచి ఒడ్డు మీదికి గుండ్లు కురిపించాలి. సెంటార్‌కు 95 మిల్లీమీటర్ల హోవిట్జర్, అంటే గుండును ఎత్తుగా విసిరే పొట్టి ఫిరంగి, ఉంటుంది, ఒక్కో ట్యాంకు దాదాపు 28 టన్నులు. బ్రిటిష్ నౌకాదళానికి చెందిన సైనికులైన రాయల్ మెరైన్స్ వాళ్ల ఆర్మర్డ్ సపోర్ట్ గ్రూప్ దగ్గర ఇలాంటి ట్యాంకులు 80 ఉండేవి. 2428 మీద ఆ రెండు ట్యాంకులతో పాటు కవచం తొడిగిన రెండు క్యాటర్‌పిల్లర్ డీ7 బుల్డోజర్లు, ఒక జీపు ఉన్నాయి. నార్మండీలో కెనడా సైన్యం దిగే జూనో బీచ్‌లో ట్యాంకులు కాల్పులతో అండగా ఉండాలి, బుల్డోజర్లు జర్మన్లు పాతిన అడ్డంకులను తొలగించాలి. అదీ పథకం.

దారిలో ఇంజన్ మొరాయించింది. సోలెంట్ జలసంధి తూర్పు ముఖద్వారంలో ఉన్న నాబ్ టవర్ దగ్గర లంగరు వేసుకున్నారు. జాంటీ అనే టగ్ (పడవలను లాగే ఓడ) వచ్చి పోర్ట్స్‌మత్ వైపు లాక్కెళ్లడం మొదలుపెట్టింది. దారిలో పడవలోకి నీళ్లు చేరాయి, ఒక పక్కకు ఒరిగింది, చివరికి పూర్తిగా తిరగబడింది. డెక్ మీదున్న రెండు ట్యాంకులు, రెండు బుల్డోజర్లు ఒక్కసారిగా జారి సముద్రంలో పడిపోయాయి. ఖాళీ అయిన పడవ మాత్రం మునగలేదు, బోర్లా తేలుతూనే ఉంది! మిగతా ఓడలు వచ్చీపోయే దారిలో అలా వదిలేస్తే ఇంకో ప్రమాదం, అందుకని టగ్ వాళ్లే దాన్ని తుపాకులతో కాల్చి ముంచేశారు. సిబ్బంది అందరినీ రక్షించారు, ఒక్క ప్రాణం కూడా పోలేదు. మర్నాడు పొద్దున జూనో బీచ్‌లో దిగినవాళ్లకు మాత్రం రావాల్సిన రెండు ఫిరంగులు, రెండు బుల్డోజర్లు రాలేదు.

ఆ తర్వాత జరిగింది నాకు ఇంకా ఇష్టం. అదే దక్షిణ తీరంలోని సెల్సీ అనే ఊరి దగ్గర సముద్రంలో సుమారు 20 మీటర్ల లోతున ట్యాంకులు, బుల్డోజర్లు ఒకచోట పడి ఉన్నాయని అక్కడి డైవర్లకు ఎన్నో ఏళ్లుగా తెలుసు. అవి అక్కడికి ఎలా వచ్చాయో ఎవరికీ అంతుపట్టలేదు. ఓడ లేదు, పడవ లేదు, నడిసముద్రంలో బుల్డోజర్లు ఏమిటి? 2008లో సౌత్‌సీ సబ్-ఆక్వా క్లబ్ అనే డైవింగ్ క్లబ్ సభ్యులు దీని మీద పడ్డారు. వాళ్లు జీతానికి పనిచేసే పురావస్తు శాస్త్రవేత్తలు కారు, మనలాగే సెలవు రోజుల్లో ఇష్టం కొద్దీ చేసేవాళ్లు. నీళ్లలోకి దిగి టేపులతో కొలతలు తీసుకున్నారు, పైకి వచ్చి పాత నౌకాదళ రికార్డులు తిరగేశారు, ట్యాంకులకు సుమారు 6 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక పడవ శిథిలానికీ వీటికీ ఉన్న సంబంధాన్ని తేల్చారు. సరుకు ఒకచోట, పడవ ఇంకోచోట ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది, తిరగబడింది ఒకచోట, మునిగింది ఇంకోచోట. 2019లో, నార్మండీ దాడికి 75 ఏళ్లు నిండిన సంవత్సరంలో, ఆ ట్యాంకులకు, బుల్డోజర్లకు బ్రిటిష్ ప్రభుత్వం చట్టపరమైన రక్షణ ఇచ్చింది. ఒక్క గుండు కూడా పేల్చకుండా మునిగిపోయిన ట్యాంకులు అవి. గెలుపులో వాటి వాటా ఏమీ లేదు. అయినా ఆ దేశం వాటిని కాపాడుకోదగ్గ చరిత్ర అనుకుంది. గెలిచిన యుద్ధాలే చూపించాలన్న పెద్దమనిషికి నేను ముందుగా చెప్పాలనుకున్నది ఇదే.

ఇప్పుడు మోడల్ సంగతికి వస్తాను, ఎందుకంటే ప్రమాదాన్ని మోడల్ చేయడంలో ఏముందో చేతులు పెట్టినవాళ్లకు తప్ప తెలియదు. సెంటార్ సీఎస్ మార్క్ 4ను జపాన్ కంపెనీ టామియా 1/35 స్కేలులో, అంటే అసలు సైజులో 35వ వంతుగా, ఎప్పుడో తెచ్చింది. కవచం ఉన్న డీ7 బుల్డోజర్‌ను ఉక్రెయిన్ కంపెనీ మినీఆర్ట్ అదే స్కేలులో తెచ్చింది. కాబట్టి సరుకు దొరుకుతుంది, దిగుమతి ఖర్చు భరించగలిగితే. అసలు కష్టం పడవతోనే. 36 మీటర్ల పడవ 1/35లో మీటరు పైన వస్తుంది, వెడల్పు 28 సెంటీమీటర్లు. మన ఇళ్లలో అంత పెద్దది పెట్టే చోటు ఎక్కడుంది? 1/72కు వెళితే అర మీటరుకు సరిపోతుంది, మనిషి బొమ్మ రెండున్నర సెంటీమీటర్లకు లోపే ఉంటుంది, ముఖాలు చెక్కే పని తప్పుతుంది కానీ గొలుసులు, బిగింపులు చేయడం కళ్లకు పరీక్షే. పడవనంతా చేయకుండా డెక్ ముందు సగం మాత్రం కోసినట్టు చేసే పద్ధతి కూడా ఉంది, నా ఓటు దానికే, ఎందుకంటే కథంతా అక్కడే ఉంది.

ఈ ప్రమాదంలో మోడల్ చేయదగ్గ సన్నివేశాలు చాలా ఉన్నాయి. బోర్లా తేలుతున్న పడవ, పక్కన టగ్, అది చూడగానే ఆకట్టుకుంటుంది, కానీ చూసేవాడికి ఒక ఇనుప పెట్టె అడుగు తప్ప ఏమీ కనిపించదు. ఈరోజు సముద్రగర్భంలో ఉన్న ట్యాంకును చేయొచ్చు, చాలామంది దానికే మొగ్గుతారు, నాచు, గవ్వలు, చేపలు, తుప్పు అన్నీ వేయొచ్చు కాబట్టి. అక్కడ కూడా తెలుసుకుని చేయాల్సింది ఉంది. నీటిలో లోతుకు వెళ్లేకొద్దీ ఎరుపు రంగు ముందుగా మాయమవుతుంది, 20 మీటర్ల దగ్గర అంతా ఆకుపచ్చ కలిసిన బూడిద రంగులోనే కనిపిస్తుంది, టార్చి వేస్తేనే అసలు రంగు తెలుస్తుంది. ఒడ్డున ఎండలో తుప్పు పట్టిన లారీకి వేసే నారింజ రంగును నీటి అడుగున ఉన్న ట్యాంకుకు వేస్తే అది ఎంత బాగా వేసినా అబద్ధమే. 1/35లో 20 మీటర్ల లోతు అంటే 57 సెంటీమీటర్లు. అంత ఎత్తు గాజు పెట్టె చేసి, అడుగున 18 సెంటీమీటర్ల ట్యాంకును, పైన నీటి మట్టాన్ని, అక్కడి నుంచి దిగుతున్న డైవర్‌ను పెడితే చూసేవాడికి ఆ లోతు ఎంతో మొదటిసారి తెలుస్తుంది.

నేను ఎంచుకునేది మాత్రం వేరే క్షణం. పడవ ఒరిగింది, ఇంకా తిరగబడలేదు. ట్యాంకులు ఇంకా వేదిక మీదే ఉన్నాయి, పట్టి ఉంచినవన్నీ బిగుసుకుపోయాయి, డెక్ మీద నీళ్లు ఒక పక్కకు చేరాయి. మోడలింగ్‌లో దీని అంత కష్టమైనది ఇంకోటి నాకు తోచదు. పడవ ఎంత వంగినా నీళ్లు వంగవు. బయట సముద్రమూ, డెక్ మీద చేరిన నీళ్లూ రెండూ టేబుల్‌తో సమాంతరంగానే ఉండాలి, డెక్ ఒక్కటే ఏటవాలు. కాబట్టి పడవను ముందే వంచి బిగించుకుని, ఆ తర్వాతే నీళ్లలా పోస్తే గడ్డకట్టే రెజిన్ పోయాలి. అలా పోస్తున్నప్పుడు రెజిన్ మొత్తం కింద ఉన్న పక్కకే వెళ్లి చేరుతుంటే, ప్రమాదం ఎలా జరిగిందో ఎవరూ చెప్పకుండానే కళ్లముందే తెలిసిపోతుంది. చేరిన నీరు వంగిన వైపుకే పోతుంది, పోయేకొద్దీ ఆ వైపు బరువు పెరుగుతుంది, బరువు పెరిగేకొద్దీ ఇంకా వంగుతుంది. దానికి తోడు 56 టన్నుల ట్యాంకులు డెక్ మీద కూడా కాదు, ఎత్తైన వేదిక మీద నిలబడి ఉన్నాయి. గడ్డి మరీ ఎత్తుగా వేసిన బండి గట్టు దిగేటప్పుడు ఎలా ఊగుతుందో మన పల్లెల్లో అందరికీ తెలుసు, ఇక్కడ గడ్డి బదులు ఉక్కు. కాల్చడానికి వీలుగా ఉండాలని తీసుకున్న నిర్ణయమే, సముద్రం మీద పడవ నిలకడను తగ్గించింది. ఫిజిక్స్ పుస్తకంలో గరిమనాభి అని చదివిన పిల్లవాడికి ఇంతకంటే మంచి పాఠం ఏముంటుంది?

ట్యాంకుల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఆగలేకపోతున్నాను. సెంటార్, క్రామ్‌వెల్ అన్నదమ్ముల్లాంటి ట్యాంకులు. క్రామ్‌వెల్‌కు రోల్స్ రాయిస్ మీటియర్ ఇంజన్, 600 హార్స్ పవర్. సెంటార్‌కు మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమాన ఇంజన్ నుంచి వచ్చిన లిబర్టీ, 395. అందుకే సెంటార్లను ఎక్కువగా శిక్షణకే వాడారు, పోరులో దిగినవి తక్కువ. మెరైన్స్ సెంటార్లకు టరెట్ (ఫిరంగితో పాటు తిరిగే పై భాగం) చుట్టూ తెల్లగా డిగ్రీల గుర్తులు, అంకెలు రాసి ఉంటాయి, దిక్సూచి మీద ఉన్నట్టు. టరెట్ ఏ వైపు ఎంత తిప్పాలో బయటి నుంచి చూసి చెప్పడానికి. ఆ గుర్తులు చూస్తే దీన్ని రోడ్ల మీద పరుగెత్తే ట్యాంకుగా పంపలేదని, పడవ మీద ఫిరంగిగా అనుకుని పంపిందని అర్థమవుతుంది. వీటి వెనకాల పోర్పాయిస్ అనే ఇనుప స్లెడ్జి కట్టి గుండ్లు లాక్కెళ్లేవాళ్లు. నార్మండీలోని పెగాసస్ బ్రిడ్జి మ్యూజియంలో ఒక సెంటార్ ఉంది, చక్కగా రంగు వేసి నిలబెట్టారు. దాన్ని చూసినవాళ్లకు ట్యాంకు ఎలా ఉంటుందో తెలుస్తుంది, అక్కడికి రావడానికి ఎంత కష్టపడిందో తెలియదు. పోర్ట్స్‌మత్‌లో డీ-డే (నార్మండీలో దిగిన రోజు) మ్యూజియం బయట ఎల్‌సీటీ 7074 అనే పడవను బాగుచేసి పెట్టారు, బ్రిటన్‌లో మిగిలిన ఆ రకం పడవ అదొక్కటే. దాని ఫోటోలు చూస్తుంటే ఇంత పల్చటి గోడల మధ్య ట్యాంకులు కట్టుకుని ఆ సముద్రం ఎలా దాటారా అనిపిస్తుంది.

మా సంగారెడ్డి వైపు వాళ్లకు ఇది దూరపు సంగతి కాదు. ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం ఉంది, మన సైన్యం వాడే సారథ్ పదాతిదళ పోరాట వాహనాలు అక్కడే తయారవుతాయి. ఒక్కో సారథ్ 14 టన్నులకు పైనే. అక్కడ తయారైన వాహనం రాజస్థాన్ ఎడారికో, లద్దాఖ్ కొండలకో చేరాలంటే ఎన్ని వంతెనలు, ఎన్ని మలుపులు, ఎన్ని ఎక్కడాలు దిగడాలు. అన్నీ సవ్యంగా జరిగితే పేపర్లో ఒక్క లైను కూడా రాదు. డ్రైవర్ గొలుసులు సరిచూసుకోవడం, చక్రాల కింద చెక్క దిమ్మలు కొట్టడం, మలుపు దగ్గర దిగి వెనక్కి నడిచి చూసుకోవడం ఎవరూ ఫోటో తీయరు. గొలుసు తెగి పడిపోయిన రోజే అందరూ చూస్తారు. అందుకే రవాణా కష్టాన్ని ఎవరికైనా చూపించాలంటే, తెగిన గొలుసు దగ్గరే మొదలుపెట్టాలి. నిటారుగా నిలబెట్టిన ట్యాంకును చూసి పిల్లవాడు 'భలే ఉంది' అని పక్క టేబుల్‌కు వెళ్లిపోతాడు. ఒరిగిన ట్యాంకు దగ్గర మాత్రం ఆగి 'ఎందుకు పడింది' అని అడుగుతాడు. ఆ ప్రశ్న అడిగించే మోడల్‌ను తీసేయమంటే నాకు బాధగా ఉంటుంది.

ఇంతా చెప్పి, అన్ని ప్రమాదాలూ మోడల్ చేయొచ్చని మాత్రం అనను. ఉత్తరం రాసిన పాఠకుడి బాధలో నాకు నచ్చింది ఇదే.

1988 జనవరి 19న అప్పటి తూర్పు జర్మనీలో ఫోర్స్ట్ జిన్నా దగ్గర సోవియట్ సైన్యం శిక్షణలో ఉన్న ఒక టీ-64 ట్యాంకు రైలు పట్టాల మీదికి వచ్చి ఆగిపోయింది, లైప్‌జిగ్ నుంచి స్ట్రాల్‌సుండ్ వెళ్తున్న ఎక్స్‌ప్రెస్ రైలు దాన్ని గుద్దింది. ఆరుగురు చనిపోయారు, 33 మంది గాయపడ్డారు. టీ-64 కిట్ దొరుకుతుంది, జర్మన్ రైలింజన్ల మోడల్స్ దొరుకుతాయి, అంటే ఎవరైనా చేయగలరు. నేను ఆ గుద్దుకున్న క్షణాన్ని చేయను. పట్టాల మీద ఆగిన ట్యాంకును, దూరంగా ఖాళీ పట్టాలను చేస్తే జరిగింది ఏమిటో చెప్పడానికి సరిపోతుంది, నలిగిన బోగీలో మనుషుల్ని పెట్టాల్సిన అవసరం లేదు.

ఇంకా దగ్గరిది ఉంది. 2024 జూన్ 28 అర్ధరాత్రి దాటే వేళ తూర్పు లద్దాఖ్‌లో, ససేర్ బ్రాంగ్సా దగ్గర ష్యోక్ నది దాటుతున్న మన సైన్యం టీ-72 ట్యాంకు ఒకటి, నీటి మట్టం ఉన్నట్టుండి పెరగడంతో నది మధ్యలో చిక్కుకుపోయింది. ఐదుగురు సైనికులు ప్రాణాలు కోల్పోయారు. వాళ్లలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు, ప్రకాశం, కృష్ణా, బాపట్ల జిల్లాల బిడ్డలు. ఆ శవపేటికలు ఊళ్లకు వచ్చిన రోజు టీవీల్లో మనమందరం చూశాం. టీ-72 కిట్ నా అల్మారాలో ఉంది, పారే నీళ్లు రెజిన్‌తో ఎలా చేయాలో తెలుసు, నది ఒడ్డు రాళ్లు ఎలా ఉంటాయో ఫోటోల్లో చూశాను. అయినా నేను చేయను. ఆ ఇళ్లలో అమ్మానాన్నలు, భార్యలు, పిల్లలు ఉన్నారు, వాళ్లు ఎప్పుడో ఎక్కడో ఆ బొమ్మ చూసే అవకాశం ఉందంటే చాలు, నా చేయి రాదు. ఆ కుటుంబాల్లో ఎవరైనా వచ్చి మా వాడి జ్ఞాపకంగా చేసిపెట్టండి అని అడిగితే అప్పుడు వేరు, వాళ్లు ఎలా చెబితే అలా చేస్తాను.

ఎర్ర సముద్రంలో మునిగిన థిసిల్‌గార్మ్ అనే బ్రిటిష్ సరుకు ఓడ నేను చేసేవాటికీ, చేయనివాటికీ మధ్యలో ఉంటుంది. అది ప్రమాదం కూడా కాదు, 1941 అక్టోబర్ 6న జర్మన్ విమానాలు బాంబులు వేసి ముంచాయి, తొమ్మిది మంది చనిపోయారు. ఈజిప్టులోని బ్రిటిష్ సైన్యానికి తీసుకెళ్తున్న బెడ్‌ఫర్డ్ లారీలు, వాటిలో వరసగా నిలబెట్టిన బీఎస్ఏ మోటార్ సైకిళ్లు, యూనివర్సల్ క్యారియర్లు అనే చిన్న కవచ వాహనాలు సుమారు 30 మీటర్ల లోతున ఇప్పటికీ ఉన్నాయి. డెక్ మీద కట్టిన రెండు ఆవిరి రైలింజన్లు పేలుడు ధాటికి ఎగిరి సముద్రంలో పడ్డాయి. ఆ లారీల, మోటార్ సైకిళ్ల మోడల్ చేయడంలో నాకు తప్పు కనిపించదు, చనిపోయినవాళ్లు తొమ్మిది మంది అని కింద పలక మీద రాసి పెడితే. ఆ ఒక్క లైను లేకుండా పెడితే మాత్రం నేను ఒప్పుకోను. ఎగ్జిబిషన్ పెట్టేవాళ్లకు నేను చెప్పగలిగిన నియమం కూడా ఇదే: ప్రమాదం మోడల్ అయితే తేదీ, చోటు, కారణం, పోయిన ప్రాణాలు పలక మీద ఉండాలి. ఎవరూ పోకపోతే ఎవరూ పోలేదని రాయాలి. తెలియకపోతే తెలుసుకునేదాకా మోడల్ ఇంట్లోనే ఉండాలి. ఆ పాఠకుడు చూసిన మోడల్ దగ్గర ఇలాంటి పలక ఉందో లేదో ఆయన రాయలేదు. లేకపోతే ఆయన కోపంలో సగం న్యాయం ఉంది.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. మిలిటరీ వాహనం తీసుకెళ్తున్న లారీ బోల్తా పడినా, రైలు పట్టాలు తప్పినా మన వార్తల్లో 'నుజ్జునుజ్జు', 'బీభత్సం' అనే మాటలే ఎక్కువ కనిపిస్తాయి. ఎంత బరువు, ఎలా కట్టారు, రోడ్డు ఎంత వంపు, వంతెన ఎంత మోస్తుంది, ఆ రోజు వాన ఉందా, ఈ ఐదు సంగతులు రహస్యం కాని మేరకు రాయండి, చిన్న బొమ్మ గీసి పెట్టండి. మాలాంటి మోడలర్లకు పనికొస్తుంది, అంతకంటే ఎక్కువగా రేపు అదే రోడ్డు మీద లోడుతో వెళ్లే డ్రైవర్‌కు పనికొస్తుంది. విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్, టీయూ-142 విమానం, యుద్ధ స్మారకం దగ్గర ట్యాంకు చూడటానికి పిల్లలు ఎంత ఉత్సాహంగా వెళ్తారో మనకు తెలుసు. అలాంటి చోట్ల ఒక గదిలో, ఇంత బరువైన యంత్రాలు ఓడలెక్కి, రైళ్లెక్కి, నదులు దాటి ఎలా ప్రయాణిస్తాయో, ఎక్కడ ఎందుకు పడిపోయాయో చూపించే మోడల్స్ పెడితే బాగుంటుందని మీరు ఒకసారి రాయండి. చేసిపెట్టే మోడలర్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు, అడిగేవాళ్లే లేరు.

ఆ ఎగ్జిబిషన్ మళ్లీ పెడితే ఆ పాఠకుడు ఇంకోసారి రావాలని, ఆ మోడల్ చేసిన వ్యక్తితో ఒక పది నిమిషాలు మాట్లాడాలని కోరుకుంటున్నాను. వాహనం ఎందుకు ఒరిగిందో అడగమనండి. సరైన జవాబు రాకపోతే ఆయన పక్షాన మీకు రెండో ఉత్తరం నేనే రాస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
సంగారెడ్డి